వేషం కేన్సర్‌ది, జబ్బు కిడ్నీది



మన ఈ-పత్రికకి ఇప్పటిదాకా నేను పంపినవి రెండే. ఒకటి వాన మీద కవిత, రెండోది హాస్టల్ మెస్ సాంబారు మీద హాస్యం. ఈసారి పాఠం లాంటిది రాస్తున్నాను. నేను చదివేది ఈసీఈ, మూడో సంవత్సరం. వైద్యంతో నాకున్న చుట్టరికం ఇంటర్లో బైపీసీ వాళ్ళ పక్క సెక్షన్లో కూర్చోవడం వరకే. మరి కిడ్నీల గోల నీకెందుకయ్యా అంటారా? ఒక ల్యాబ్ ఫారంలో నేను ఖాళీగా వదిలేసిన ఒక గడి వల్ల మా మామయ్య ఇంట్లో ఆరు రోజులు ఎవరూ కడుపునిండా తినలేదు. ఆ గడిలో ఏం రాయాలో, ఎందుకు రాయాలో తెలుసుకోడానికి ఆ తర్వాత నాకు నాలుగు నెలలు పట్టింది. చదివిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి మీకు పావుగంటలో చెప్పే ప్రయత్నం ఇది.

ముందు జరిగింది చెబుతా

మామయ్యది చిలకలూరిపేట దగ్గర పల్లె. నాలుగెకరాల నల్లరేగడి. రెండెకరాలు పత్తి, రెండెకరాలు మిర్చి. షుగరూ బీపీ కలిసి ఆయన రెండు కిడ్నీలనూ పాడుచేశాయి. ఏడాదిన్నర డయాలసిస్ అయ్యాక అత్తయ్య తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ బాగా జరిగింది. ఏడు నెలలు హాయిగా గడిచాయి.

ఫిబ్రవరిలో క్రియాటినిన్ 1.2 నుంచి 1.8కి ఎక్కింది. హైదరాబాద్ డాక్టరుగారు ఫోన్లో కొన్ని పరీక్షలు చెప్పారు. అందులో ఒకటి యూరిన్ సైటాలజీ, అంటే మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోప్ కింద చూడటం. అది మిర్చి కోతల కాలం. ఇంటిల్లిపాదీ కల్లంలో ఉన్నారు. మిడ్ ఎగ్జామ్స్ అయిపోయి వచ్చి ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. సీసా నా చేతికిచ్చి పంపారు.

ల్యాబ్‌లో జనం కిటకిటలాడుతున్నారు. కౌంటర్లో ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఫోన్ నంబరు రాశాను. కింద 'క్లినికల్ హిస్టరీ' అని పెద్ద గడి ఉంది. "ఇది కూడా రాయాలా అండీ?" అనడిగా. "ఏం ప్రాబ్లం?" అని తిరిగి అడిగారు. వెనకాల వాళ్ళు తోసుకుంటున్నారు. "ఏం లేదండీ, మామూలు చెకప్" అనేసి బయటపడ్డాను. గడి అలాగే ఖాళీగా ఉండిపోయింది.

మూడో రోజు రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. "అసాధారణ కణాలు ఉన్నాయి. హై గ్రేడ్ యూరోథీలియల్ కార్సినోమా అని అనుమానం" అని దాని సారాంశం. కార్సినోమా అనే మాటకి మా ఊళ్ళో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. మామయ్య కల్లంలో కాయ ఎగదోస్తూ విన్నాడు. "ఏందిరా అబ్బాయ్, కేన్సరంటగా? ఇంకీ మాత్రలెందుకు, దండగ" అన్నాడు. ఆ రాత్రి మాత్రలు వేసుకోలేదు. కిడ్నీ మార్చుకున్నవాళ్ళు మానకూడని మాత్రలవి. మానేస్తే ఒంట్లోని రోగనిరోధక శక్తి కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాని మీద పడుతుంది. పొద్దున్నే మాత్రల అట్ట చూసిన అత్తయ్య ఏడవలేదు, అరవలేదు. "మీ ఒంట్లో ఉన్నది నా కిడ్నీ. మానేయాలంటే నన్నడిగి మానేయండి" అంది, అంతే. మామయ్య నోరెత్తకుండా మాత్ర వేసుకున్నాడు.

ఆరో రోజుకి హైదరాబాద్ చేరాం. డాక్టరుగారు రిపోర్టు చదివి అడిగిన మొదటి మాట: "ట్రాన్స్‌ప్లాంట్ పేషెంటని ల్యాబ్‌కి చెప్పారా?" అందరూ నా వైపు చూశారు.

మూత్రంలో కణాలు ఎందుకు వెతుకుతారు

కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఉన్న దారి లోపలి గోడకి ఒక పొర ఉంటుంది. దాన్ని యూరోథీలియం అంటారు. గోడకి వేసిన సున్నం పెచ్చులు రాలినట్టు ఈ పొర నుంచి కణాలు రోజూ రాలి మూత్రంతో బయటికి వస్తుంటాయి. కిడ్నీ లోపలి సన్నని గొట్టాల కణాలు కూడా కొన్ని వస్తాయి. కాబట్టి శరీరానికి కత్తి తగలకుండా లోపల ఏం జరుగుతోందో కొంత చూడొచ్చు.

ఈ పద్ధతిని 1945లో పాపనికొలావ్, మార్షల్ అనే ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ద్వారా ప్రపంచానికి గట్టిగా పరిచయం చేశారు. ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ కోసం చేసే పాప్ టెస్ట్ ఉంది కదా, ఆ 'పాప్' ఈ పాపనికొలావే.

కేన్సర్ కణాన్ని ఎలా గుర్తుపడతారు? ప్రధానంగా నాలుగు లక్షణాలు చూస్తారు. కేంద్రకం బాగా పెద్దదై ఉంటుంది. ముదురు రంగు పడుతుంది. దాని అంచు వంకరటింకరగా ఉంటుంది. లోపలి పదార్థం బరకగా కనబడుతుంది. 2013లో పారిస్‌లో జరిగిన ఒక సదస్సులో నిపుణులు అందరికీ ఒకే కొలబద్ద ఉండాలనుకున్నారు. 2016లో అది 'పారిస్ సిస్టమ్' పేరుతో పుస్తకంగా వచ్చింది. దాని ప్రకారం కణంలో కేంద్రకం వాటా 0.7 దాటడం హై గ్రేడ్ కేన్సర్‌కి ముఖ్యమైన గుర్తు. 0.5 దాటితే అనుమానం మొదలు.

మన భాషలో చెప్పాలంటే ఇదొక త్రెషోల్డ్. త్రెషోల్డ్ ఉన్నచోట ఫాల్స్ పాజిటివ్ ఉండి తీరుతుంది. కేన్సర్ కాకుండానే కేంద్రకాన్ని ఉబ్బించి నల్లబరిచే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించే.

దీమపు పిట్ట

పూర్వం వేటగాళ్ళు ఒక పిట్టను మచ్చిక చేసి పొలంలో కట్టేసేవాళ్ళు. దాన్ని చూసి మిగతా పిట్టలు వాలేవి. దాన్ని మన పెద్దలు దీమం అనేవారు. అమెరికాలో కేన్సర్ కణాల శాస్త్రానికి పెద్ద దిక్కు అనదగ్గ లియోపోల్డ్ కాస్ దగ్గర 1950లలో ఆండ్రూ రిచీ అనే టెక్నీషియన్ పనిచేసేవాడు. మూత్రంలో కొన్ని కణాలు అచ్చం కేన్సర్‌లా కనబడుతున్నాయి, తీరా చూస్తే రోగికి కేన్సర్ ఉండటం లేదు. వాటికి ఆయన పెట్టిన పేరు డెకాయ్ సెల్స్. అంటే దీమపు కణాలే.

ఆ కణాల వెనక ఉన్నది ఒక వైరస్ అని తర్వాత తేలింది. 1971లో కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక రోగి మూత్రంలో కొత్త వైరస్‌ను కనుక్కుని, ఆ రోగి పేరులోని పొడి అక్షరాలతోనే బీకే వైరస్ అన్నారు. ఇది మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, కిడ్నీల్లో చడీచప్పుడు లేకుండా నిద్రపోతుంటుంది. కిడ్నీ మార్చుకున్నవాళ్ళకి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు కదా, అప్పుడిది నిద్ర లేస్తుంది. కణం కేంద్రకంలో దూరి వేలాది నకళ్ళు తీసుకుంటుంది. కేంద్రకం ఉబ్బుతుంది, నల్లబడుతుంది. పైపైన చూస్తే కేన్సరే.

అలవాటైన కన్ను తేడా పట్టేస్తుంది. డెకాయ్ సెల్ కేంద్రకం గుండ్రంగా, అంచు నున్నగా, లోపల గరుకు గాజులాగా ఒకే తీరున ఉంటుంది. కొన్నిసార్లు కణం ఒకవైపు తోకలా సాగి తోకచుక్కలా కనబడుతుంది. కేన్సర్ కేంద్రకానికి ఆ నునుపు ఉండదు. కానీ మూత్రంలో కణాలు నానిపోయి, సగం శిథిలమై వస్తాయి. పోలిక పట్టడం చెప్పినంత తేలిక కాదు. 'ఇది కిడ్నీ మార్చుకున్న మనిషిది' అన్న ఒక్క మాట ముందే ఉంటే, చూసేవాళ్ళు దీమాన్ని కూడా మనసులో పెట్టుకుని చూస్తారు. ఆ మాట రాయాల్సినవాణ్ణి నేనే.

మామయ్య స్లైడ్లను హైదరాబాద్‌లో మళ్ళీ చూశారు. డెకాయ్ సెల్స్ అన్నారు. అంతటితో వదిలేయలేదు. మార్పిడి చేయించుకున్నవాళ్ళకి నిజం కేన్సర్ ముప్పు కూడా మామూలు వాళ్ళకంటే ఎక్కువే. అందుకని మూత్రాశయంలోకి సన్నని కెమెరా పంపి చూశారు. శుభ్రంగా ఉంది. రక్తంలో బీకే వైరస్‌కి పీసీఆర్ చేశారు. పాజిటివ్. కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూశారు. వైరస్ కిడ్నీని అప్పుడప్పుడే దెబ్బతీస్తోంది. మార్పిడి చేయించుకున్న ప్రతి వందమందిలో ఒకరి నుంచి పదిమంది దాకా ఈ జబ్బు రావచ్చని పుస్తకాలు చెబుతాయి.

ఇందులో చిక్కేమిటంటే, దీనికి ప్రధానమైన వైద్యం రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మోతాదును డాక్టరు కొలిచి తగ్గించడం. మామయ్య తనంతట తను ఆ రాత్రి చేసింది పూర్తిగా మానేయడం. రెండూ ఒకటి కాదు. ఒకటి స్టీరింగ్ తిప్పడం, రెండోది స్టీరింగ్ వదిలేయడం.

కేంద్రకం ఉబ్బి, విడిపోని జబ్బు

డెకాయ్ సెల్స్ గురించి చదువుతుంటే ఇంకో జబ్బు పేరు తగిలింది. నోరు తిరగని పేరు: కారియోమెగాలిక్ ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్. విడదీస్తే భయం పోతుంది. కారియో అంటే కేంద్రకం, మెగా మనకి తెలిసిందే. పెద్ద కేంద్రకాల కిడ్నీ వాపు. ప్రపంచం మొత్తంలో నమోదైన కేసులు చాలా కొద్ది. 1974లో బర్రీ అనే వైద్యుడు ఒక యువతి కిడ్నీలో ఈ వింత కేంద్రకాలను వర్ణించాడు. 1979లో మిహాచ్ బృందం ఈ పేరు పెట్టింది.

ఈ జబ్బు చప్పుడు చేయదు. మూత్రంలో కాస్త ప్రొటీన్ పోతుంది, క్రియాటినిన్ మెల్లగా ఎక్కుతుంది. చాలామందికి ముప్పై, నలభై ఏళ్ళ వయసుకి కిడ్నీలు చివరిదశకి వస్తాయి. కొందరికి తరచూ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, లివర్ పరీక్షల్లో తేడాలు ఉంటాయి. ఈ కిడ్నీల గొట్టాల నుంచి రాలిన కణం మూత్రంలో కనబడితే, ఉబ్బిన నల్లని కేంద్రకం చూసి కేన్సర్ అనుకునే ప్రమాదం ఉంది.

కారణం 2012లో బయటపడింది. ఫ్యాన్-1 అనే జన్యువు. హాస్టల్ గదిలో తిరగని ఫ్యాన్ కాదు లెండి, పదిహేనో క్రోమోజోమ్ మీద ఉండేది. దాని పని అర్థం కావాలంటే మీ బ్యాగు జిప్పు తలుచుకోండి. డీఎన్‌ఏ రెండు పోగుల జిప్పు లాంటిది. కణం రెండుగా విడిపోవాలంటే ముందు జిప్పు తెరిచి నకలు తీయాలి. కొన్ని రసాయనాలు రెండు వైపుల పళ్ళనూ కలిపి అతికించేస్తాయి. అప్పుడు జిప్పు అక్కడే ఇరుక్కుంటుంది. ఆ అతుకును కత్తిరించి సరిచేసే పనిముట్లలో ఫ్యాన్-1 ఒకటి. అది లేకపోతే అతుకులు పేరుకుపోతాయి. కణం రెండుగా విడిపోవడం మానేస్తుంది, లోపల డీఎన్‌ఏ మాత్రం పెరుగుతుంది. కేంద్రకం ఉబ్బుతుంది.

కేన్సర్‌కీ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. కేన్సర్ కణం ఆపకుండా విడిపోతుంది. ఈ కణం విడిపోలేక ఉబ్బుతుంది. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. కణ విభజనను చూపే రంగులు వేసి చూస్తే ఈ పెద్ద కేంద్రకాలు చాలావరకు నిశ్శబ్దంగా ఉంటాయి. కిడ్నీ ముక్క పరీక్ష, జన్యు పరీక్ష కలిపితే విషయం తేలుతుంది.

పొరపాటు పడితే ఏమవుతుంది? కేన్సర్ అనుకుంటే ఒక కిడ్నీ తీసేయొచ్చు. అసలే రెండూ తగ్గిపోతున్న మనిషికి అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. ఇంకోటి వింటే నాకు ఒళ్ళు జలదరించింది. మూత్రాశయ కేన్సర్‌కి వాడే ముఖ్యమైన కీమో మందు సిస్‌ప్లాటిన్. అది చేసే పనే డీఎన్‌ఏ పోగులను అతికించడం. ఫ్యాన్-1 లేని కణాలు ఆ అతుకులకు మరీ సుకుమారం. అంటే లేని జబ్బుకి మందిచ్చి ఉన్న జబ్బుని పెంచినట్టు అవుతుంది.

మన నేలకి దీంతో పనేముంది?

రెండు రకాలుగా ఉంది.

మొదటిది మేనరికం. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా చెడిన ఫ్యాన్-1 రావాలి. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో చెడిన ప్రతి ఉంటే వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు, కానీ పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనమామ మేనకోడళ్ళ మధ్య నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనబావ మరదళ్ళ మధ్య ఎనిమిదో వంతు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు దగ్గరి బంధువులనే చేసుకున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మా అమ్మమ్మ, తాతయ్యలదీ మేనరికమే. పొలం బయటికి పోదని చేశారట. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని కాదు. ఇలాంటి అరుదైన జబ్బుని అనుమానించాల్సినప్పుడు డాక్టరుకి ఆ మాట తెలిసి ఉండాలని. పైగా అన్నకి ఈ జబ్బుంటే తమ్ముడు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చినప్పుడు, తమ్ముడికీ ఆ జన్యువు చూడకుండా తీసుకోకూడదు.

రెండోది మిర్చి. కాయ సరిగా ఎండకపోతే బూజు పడుతుందని మన ప్రాంతంలో చిన్నపిల్లలకీ తెలుసు. మంచు పడ్డ రాత్రి పట్టా కప్పడం మరిచిపోయినా, ఎండీ ఎండని కాయని టిక్కీల్లో తొక్కినా తెల్లారేసరికి వాసన వస్తుంది. కొన్ని బూజులు ఆక్రాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. దీన్ని 1965లో దక్షిణాఫ్రికాలో కనుక్కున్నారు. ఇది ధాన్యాల్లో, కాఫీ గింజల్లో, ఎండుమిర్చిలో రావచ్చు. ఎలుకలకి ఇది పెట్టి చూస్తే వాటి కిడ్నీ గొట్టాల్లో కేంద్రకాలు ఉబ్బాయి. అంటే అదే రూపం! 2004లో ట్యునీషియా వైద్యులు ఈ జబ్బున్న కొందరి రక్తంలో ఆక్రాటాక్సిన్ చూసి, విషమూ వంశమూ రెండూ కలిసి పనిచేస్తున్నాయేమో అన్నారు. మనుషుల్లో ఆ సంబంధం రుజువు కాలేదు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1993లో దీన్ని కేన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో చేర్చింది. యూరప్ దేశాలు ఎండుమిర్చిలో కిలోకి 20 మైక్రోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టాయి.

కాబట్టి మిర్చి తింటే ఈ జబ్బొస్తుందని ఎవరికీ చెప్పకండి. నేను చెప్పేది కల్లంలో రైతుకి ముందే తెలిసిన మాట: తేమ 10, 11 శాతానికి దిగేదాకా కాయ ఎండాలి, బూజు కాయ ఏరి పారేయాలి. 'తాలు కాయే కదా, ఇంట్లోకి వాడుకుందాం' అని బూజు పట్టినదాన్ని మిల్లుకి పంపకూడదు. అమ్ముడుపోని కాయ ఇంట్లో కారంపొడి అవడం మీరు చూసే ఉంటారు. నేను చూశాను, తిన్నాను కూడా.

ఇంకొన్ని వేషాలు

త్వరగా చెప్పేస్తా. కిడ్నీలో రాయి గోడని గీరితే కణాలు గుత్తులు గుత్తులుగా ఊడివచ్చి కేన్సర్ గుత్తుల్లా కనబడతాయి. మన ఎండలకి, తాగే నీళ్ళు చాలని పొలం పనులకి రాళ్ళు మామూలే కాబట్టి ఇది గుర్తుంచుకోండి. గొట్టం వేసి తీసిన మూత్రంలోనూ ఇలాగే గుత్తులు రావచ్చు. సైక్లోఫాస్ఫమైడ్, బుసల్ఫాన్ లాంటి మందులు వాడినవాళ్ళ కణాలు కూడా వికారంగా ఉబ్బుతాయి. అరుదైన జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్‌లో, పాత ఇన్ఫెక్షన్ వల్ల కిడ్నీ గడ్డకట్టినట్టయి, స్కానింగ్‌లో కూడా కేన్సర్ గడ్డలాగే కనబడుతుంది. కిడ్నీ టీబీ కూడా ఇలా ఏమార్చగలదు.

ఈసారి వేషం కాదు, నిజం

ఇక్కడిదాకా చదివి "ఓహో, యూరిన్ రిపోర్టులో కేన్సర్ అని వస్తే పట్టించుకోనక్కర్లేదన్నమాట" అనుకుంటే, నేను ఇంకో ఖాళీ గడి వదిలినట్టే. ఎదురు ఉదాహరణ కూడా చూడండి.

1993లో బెల్జియం వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ళ కిడ్నీలు వేగంగా ఎండిపోతున్నాయి. ఒక మూలికకి బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసిపోయిందని తేలింది. 2000లో వచ్చిన అధ్యయనంలో, ముందుజాగ్రత్తగా కిడ్నీలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి నిజంగానే యూరోథీలియల్ కేన్సర్ కనబడింది. ఇక్కడ కిడ్నీ జబ్బూ నిజమే, కేన్సరూ నిజమే. రెంటికీ మూలం ఆ మొక్కలోని ఆమ్లం.

ఆ జాతి మొక్క మనకి కొత్తేం కాదు. నల్లరేగడి చేలల్లో, గట్ల మీద నేలబారున పాకే గాడిదగడప అదే జాతిది. పల్లెల్లో పుండ్లకీ, నులిపురుగులకీ, పశువులకీ దాని ఆకు వాడటం ఉంది. పై పూత సంగతి అటుంచి, కడుపులోకి తీసుకునే అలవాటుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. "ఆకుమందే కదా, చెప్పేదేముంది" అని మా అమ్మమ్మలా దాచకూడదు.

మనకొచ్చిన లెక్కలో చూద్దాం

ప్రాబబిలిటీ క్లాసులో బేస్ సిద్ధాంతం చెప్పినప్పుడు నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇప్పుడు బుద్ధొచ్చి చేస్తున్నా. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు మాత్రమే, ఏ ల్యాబ్‌వీ కావు.

వెయ్యిమంది మూత్రం పరీక్షించారనుకోండి. వాళ్ళలో 20 మందికి నిజంగా కేన్సర్ ఉంది. పరీక్ష వందకి 80 పట్టుకుంటుందనుకుందాం, అంటే 16 మంది దొరికారు. మిగతా 980 మంది ఆరోగ్యవంతుల్లో వందకి ఐదుగురిని తప్పుగా అనుమానిస్తుందనుకుందాం, అంటే 49 మంది. మొత్తం 65 మందికి భయపెట్టే రిపోర్టు వెళ్ళింది. వాళ్ళలో కేన్సర్ ఉన్నది 16 మందికి, అంటే నాలుగింట ఒక్కరికి.

ఇప్పుడు ఆ 65లో ఒకాయన కిడ్నీ మార్చుకున్నవాడని తెలిసింది. ఇంకొకాయన నలభై ఏళ్ళుగా చుట్ట తాగుతున్నాడు, మూత్రంలో నెత్తురు పడుతోంది. కాగితం మీద రిపోర్టు ఒకటే అయినా ఇద్దరి అవకాశాలూ ఒకటి కావు. మొదటాయన విషయంలో ముందు దీమాన్ని వెతకాలి. రెండో ఆయన విషయంలో ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు. బేస్ సిద్ధాంతంలో ముందస్తు అవకాశం అనే పదం ఉంది కదా, అది కూర్చునే చోటు క్లినికల్ హిస్టరీ గడి. నేను ఖాళీగా వదిలింది సమీకరణంలో సగం.

ఆ గడిలో రాయాల్సినవి

మీ ఇంట్లో ఎవరి సీసా అయినా పట్టుకుని మీరు ల్యాబ్‌కి వెళ్ళే రోజు వస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు ఫారం నింపేది మనమే కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

1. కిడ్నీ మార్పిడి జరిగిందా, ఎప్పుడు? రోగనిరోధక శక్తి తగ్గించే మందులు ఏవి వాడుతున్నారు?
2. కీమో, రేడియేషన్ ఎప్పుడైనా తీసుకున్నారా?
3. కిడ్నీలో రాళ్ళు, టీబీ, పదేపదే ఇన్ఫెక్షన్లు ఉన్నాయా? గొట్టం వేశారా?
4. మూత్రంలో రక్తం కనబడిందా? పొగాకు అలవాటుందా?
5. ఆకుమందులు, చూర్ణాలు, పొడులు వాడారా?
6. కుటుంబంలో చిన్న వయసులోనే కిడ్నీలు పోయినవాళ్ళున్నారా? తల్లిదండ్రులది మేనరికమా?

తెలుగులో రాసినా సరే, రాయండి. గడి చాలకపోతే వెనక్కి తిప్పి రాయండి. రిపోర్టులో అనుమానం అని వస్తే, అది తీర్పు కాదని ఇంట్లో వాళ్ళకి చెప్పండి. అలాగని దాచకండి, మాత్రలు మాననివ్వకండి. స్లైడ్లు మళ్ళీ ఇంకొకరి చేత చూపించమని అడగడం తప్పు కాదు. చూసే డాక్టరుని అవమానించినట్టూ కాదు.

చివరిగా

మామయ్య మందుల మోతాదు తగ్గించారు. మూడు నెలలకి రక్తంలో వైరస్ బాగా తగ్గింది. క్రియాటినిన్ 1.5 దగ్గర ఆగింది. మళ్ళీ 1.2కి రాలేదు. ఆ తేడా వైరస్ తీసుకున్న వాటా అని డాక్టరుగారు అన్నారు. నా గడి వల్ల పోయింది ఆరు రోజులు, ఒక రాత్రి మాత్రలు. అంతకంటే ఎక్కువ పోకుండా ఆపింది అత్తయ్య.

మొన్న వేసవి సెలవుల్లో మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళే పని పడింది. ఫారం తీసుకుని ఆ గడిలో ఎనిమిది లైన్లు రాశాను. కౌంటర్లో ఆమె చూసి, "ఏంటి బాబూ, వ్యాసం రాశావా?" అంది. అవునండీ, ఇదే ఆ వ్యాసం.

ఇంటికొచ్చి మామయ్యకి చెప్పాను. నవ్వి, "అన్నీ రాశావు గానీ, ఆ కిడ్నీ మీ అత్తదని రాశావా లేదా?" అన్నాడు. రాశాను మామయ్యా. మొదటి లైనే అది.